పెట్రోలును వీడిన సీసము వీధిని వీడలేదు

2021 ఆగస్టు 30వ తేదీన ఐక్యరాజ్య సమితి పర్యావరణ శాఖవారు ఒక ప్రకటన వెలువరించిరి. ఆ జూలై నెలలో అల్జీరియా దేశము సీసము కలిసిన పెట్రోలు అమ్మకమును నిలిపివేసినదనియు, దానితో మోటారు బండ్లకు అట్టి పెట్రోలు పోయు దేశము ప్రపంచమున ఒక్కటియు మిగులలేదనియు ఆ ప్రకటన సారాంశము. 1923 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటన్ నగరమున మొదలైన వ్యాపారము ఇంచుమించు నూరేండ్లకు ఆ విధముగా ముగిసినది. భారతదేశము అంతకు చాల ముందే, 2000 సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీనుండి, ఆ పెట్రోలును విడిచిపెట్టినది. ఇవి సంతోషింపదగిన సంగతులే, సందేహము లేదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. అన్ని యేండ్లపాటు బండ్ల పొగగొట్టములనుండి వెలువడిన సీసమంతయు ఎక్కడికి పోయినది?

పొగతోపాటు గాలిలో కలిసిపోయినదని తోచవచ్చును. కాని సీసము మూలకము. కట్టె కాలి బూడిద యగును. ఎండుటాకు కుళ్ళి మన్నగును. పురుగుమందులలో పెక్కు ఎండకును సూక్ష్మజీవులకును లొంగి కొంతకాలమునకు విడిపోవును. మూలకమునకు ఆ మార్గము లేదు. పొగలో ఎగిరిన సీసము కొంత దూరము పోయి నేలపై దిగినది. దిగినది మన్నును గట్టిగా అంటిపెట్టుకొని, చాలచోట్ల పై పొరలోనే, రెండు మూడు అంగుళముల లోతులోనే నిలిచిపోయినది. వేసవిగాలి దానిని లేపును, బండిచక్రము లేపును, చీపురు లేపును. లేచినది కిటికీలగుండ, చెప్పుల అడుగున, బట్టల మడతలలో ఇంటిలోనికి వచ్చి గచ్చుపై కూర్చుండును.

ధూళి యనగా ఉత్త మట్టియే యని మన వాడుక. పట్టణములోని ఇంటి ధూళిని పరీక్షించినవారికి అందులో మట్టితోపాటు గుడ్డపీచు, చర్మపు పొట్టు, పొయ్యి మసి, గోడలనుండి రాలిన రంగుపొడి, టైర్ల రబ్బరు, బ్రేకుల అరుగుదల కానవచ్చును. టైర్ల రబ్బరుతో జింకు, బ్రేకుల పొడితో రాగి వచ్చును. లోహపు పూతలు పూయు కార్ఖానాల వైపునుండి క్రోమియము, నికెలు. పాత బ్యాటరీలనుండి సీసము, కాడ్మియము. బొగ్గు బూడిదతో ఆర్సెనిక్కు వచ్చి చేరును. వీటిలో జింకు, రాగి శరీరమునకు కొలదిగా కావలసినవే. కాడ్మియము మూత్రపిండములలో చేరి పది యిరువది యేండ్లకైనను కదలదు. ఆర్సెనిక్కు, షట్సంయోజక రూపమున నుండు క్రోమియము క్యాన్సరును కలిగించునవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చరిత్ర కలదు. ఇచ్చట సీసమును మాత్రమే తీసుకొనుటకు కారణము, దానిని గూర్చి జరిగినంత పరిశోధన తక్కినవాటిని గూర్చి జరుగలేదు. అంతకుమించి, దాని దెబ్బ తగులునది బడిలోని బల్లపై కూర్చుండు పిల్లవానికి. పద్యములలో సీసమునకు గల గౌరవము లోహములలో ఈ సీసమునకు దక్కకుండుట న్యాయమే.

ఒకే గదిలో తండ్రియు, ఏడాదిన్నర బిడ్డయు ఉన్నారనుకొందము. తండ్రి మంచముపై కూర్చుండును. బిడ్డ గచ్చుపై ప్రాకును. తండ్రి చేయి నోటికడకు పోవునది భోజనవేళ. బిడ్డ చేయి గంటకు పలుమార్లు పోవును. దొరికిన ప్రతి వస్తువును నోటితో పరీక్షించుట ఆ వయస్సు ధర్మము. ఇక కడుపులో పడిన సీసములో పెద్దవారి ప్రేగులు సుమారు పదవ వంతు గ్రహింపగా, పసిబిడ్డ ప్రేగులు సగము వరకు గ్రహించును. ఎదుగు శరీరమునకు కాల్షియముపైన, ఇనుముపైన ఆకలి యెక్కువ. సీసము ఆ రెండింటికొరకు తెరచియుంచిన ద్వారములగుండనే లోనికి ప్రవేశించును. తిండిలో అవి చాలని బిడ్డకు ఆ ద్వారములు మరింత విశాలముగా తెరచుకొనును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున ఆరు నెలలనుండి అయిదేండ్ల లోపు పిల్లలలో 67 శాతము మంది రక్తహీనులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను ఆ సంఖ్య అరువదికి పైననే యున్నది. కాబట్టి ఒకే వీధి ధూళి పాలును గ్రుడ్లును తిను బిడ్డకంటె గంజి త్రాగు బిడ్డకు ఎక్కువ కీడు చేయును.

లోనికి పోయిన సీసము కొంత మూత్రమార్గమున వెలువడును. కొంత ఎముకలలో చేరి దశాబ్దములపాటు అచ్చటనే యుండును. బాల్యమున ఎముకలో చేరినది ఆ బాలిక పెరిగి గర్భవతియైనప్పుడు, శిశువునకై ఎముకలలోని కాల్షియము కరగునపుడు, దానితోపాటు వెలికివచ్చి గర్భస్థశిశువును చేరగలదు. రక్తమున తిరుగునది పసిమెదడును చొచ్చి, నాడీకణములు ఒకదానితో ఒకటి సంభాషించుటకు కాల్షియము చేయు పనిలో అడ్డుతగులును. పెద్దవారికి రక్తపోటు పెరుగుట, మూత్రపిండములు చెడుట, గుండెజబ్బు వచ్చుట దీని ఫలములు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము 2019లో సీసము కారణముగా హృద్రోగములతో మరణించినవారు సుమారు 55 లక్షలు.

పిల్లల వ్రేళ్ళకంటు పొడియే విషమని తొలుత కనుగొన్నది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరపు వైద్యులు. అచ్చటి పిల్లల ఆసుపత్రికి కాళ్ళు చేతులు చచ్చుబడిన పిల్లలు, చూపు మందగించిన పిల్లలు వచ్చుచుండిరి. జబ్బు సీసమువలన వచ్చినదని 1892లోనే జెఫ్రిస్ టర్నర్ మొదలగువారు గుర్తించిరి. సీసము ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలియలేదు. త్రాగునీటిని అనుమానించిరి, వంటపాత్రలను అనుమానించిరి. 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అను కంటివైద్యుడు ఇండ్ల వరండాలను పరికించెను. ఆ వేడిదేశమున పిల్లలు రోజంతయు వరండాలో ఆడుకొందురు. కటకటాలకు వేసిన తెల్లరంగు సీసపు రంగు. ఎండకు అది పొడియై వ్రేలికంటుకొనును. వ్రేలు నోటిలోనికి పోవును. గోళ్ళు కొరుకు పిల్లలలో ఈ జబ్బు ఎక్కువని కూడ ఆ వైద్యులు గమనించిరి. పిల్లలకు అందుచోట్ల సీసపు రంగును నిషేధించుచు క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము 1922లో చట్టము చేసెను. కారణము తెలిసిన పిమ్మట చట్టము వచ్చుటకు పదునెనిమిదేండ్లు పట్టినది. ఈ చరిత్రలో అది శీఘ్రముగా జరిగిన పనులలో ఒకటి యని చెప్పవలసియుండుట విచారకరము. అమెరికా ఇండ్లలో సీసపు రంగును నిషేధించినది 1978లో.

క్వీన్స్‌లాండ్ చట్టము వచ్చుటకు ఒక యేడాది ముందు, 1921 డిసెంబరులో, అమెరికాలో థామస్ మిడ్జిలీ అను ఇంజనీరు పెట్రోలులో టెట్రా ఇథైల్ లెడ్ కలిపినచో ఇంజను దడదడలాడక సాఫీగా నడచునని కనిపెట్టెను. వర్తకులు ఆ సరకునకు పెట్టిన పేరు 'ఇథైల్'. సీసమను మాట అందులో లేదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని కర్మాగారమున ఆ పదార్థమును తయారుచేయు కార్మికులు మతిచలించి అయిదుగురు మరణించిరి. మరుసటి మే నెలలో ప్రభుత్వ వైద్యాధికారి సభ జరపగా, యేల్ విశ్వవిద్యాలయపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు యాండెల్ హెండర్సన్, కార్మికుల వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ మొదలగువారు ఆక్షేపణ చెప్పిరి. ఈ విషము ఒక్కసారిగా మీదపడదు, మెల్లమెల్లగా ఊరి గాలిలో చేరును, జనులు గ్రహించునప్పటికి ఆలస్యమగునని హెండర్సన్ భయము. మరుసటి యేడు అమ్మకము మరల సాగినది.

ఆ ధూళి ఎంతగా వ్యాపించినదో పిమ్మట తేల్చినవాడు వైద్యుడు కాడు. భూమి వయస్సును లెక్కగట్టబూనిన క్లేర్ ప్యాటర్సన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు. ఉల్కాశిలలలోని సీసపు ఐసోటోపులను కొలిచి ఆ వయస్సును తెలిసికొనవచ్చునని ఆయన ప్రయత్నము. కాని ఎన్నిసార్లు కొలిచినను లెక్క కుదురదాయెను. శిలలో ఉండవలసినదానికంటె ఎన్నో రెట్లు సీసము కనబడుచుండెను. అది గాలిలోనిది, నీటిలోనిది, బల్లమీదిది, తుదకు ఆయన తలవెండ్రుకలపైది. ఆయన గదిని కడిగించి, గాలిని వడగట్టించి, ధూళి చొరరాని ప్రయోగశాలను నిర్మించుకొన్న తరువాతనే లెక్క తేలినది. భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని 1956లో ఆయన ప్రకటించెను. మరియొకరైనచో అంతటితో తృప్తిపడియుందురు. ప్యాటర్సన్ మాత్రము తనను బాధించిన ఆ ధూళినే వెంబడించెను. గ్రీన్‌లాండ్ మంచుపొరలను త్రవ్వి, ఏ కాలపు మంచులో ఎంత సీసమున్నదో లెక్కించి, మోటారు యుగములో అది నిట్టనిలువుగా పెరిగినదని 1969లో చూపెను. మనుష్యుడు నివసింపని మంచుగడ్డపైననే అంత దిగినచో, బండ్లు తిరుగు బజారులో ఎంత దిగియుండునో ఊహించుకొనవచ్చును.

బజారులో సీసమున్నదని తెలిసినది. దానివలన నష్టమేమి? మూర్ఛ వచ్చి ఆసుపత్రికి చేరిన బిడ్డను చూచి వైద్యుడు జబ్బు పేరు చెప్పగలడు. జబ్బేమియు లేక, ఆడుచు పాడుచు, చదువులో మాత్రము వెనుకబడు బిడ్డ మాట యేమి? ఈ ప్రశ్నకు సమాధానము దొరికినది ఉపాధ్యాయుల సాయముతో. అందువలన ఆ కథను కొంత వివరముగా చెప్పుట అవసరము.

బోస్టన్ నగరము ప్రక్కనున్న చెల్సీ, సామర్‌విల్ అను ఊళ్ళలో ఒకటవ, రెండవ తరగతుల పిల్లలకు పాలపండ్లు ఊడు వయస్సు. హెర్బర్ట్ నీడిల్‌మన్ అను వైద్యుడు ఆ ఊడిన పండ్లను సేకరించెను. రక్తములోని సీసము ఇటీవల చేరినదానినే తెలుపును. పంటిలోనిది పుట్టుకనుండి జరిగినదంతయు దాచియుంచును. ఆ పిల్లల ఉపాధ్యాయులకు ఒక ప్రశ్నపత్రము పంపిరి. ఈ బాలుని మనస్సు తేలికగా చెదరునా? మొదలుపెట్టిన పనిని విడువక చేయునా? చిన్న ఆదేశములను పాటింపగలడా? ఒకదాని వెంట ఒకటి చెప్పిన పనులను వరుసగా చేయగలడా? పగటికలలు కనునా? ఇట్టివి పదకొండు ప్రశ్నలు. ఏ పిల్లవాని పంటిలో ఎంత సీసమున్నదో ఉపాధ్యాయులకు తెలియదు. 2146 మంది పిల్లలను గూర్చి సమాధానములు వచ్చినవి. వాటిని పంటి సీసముతో పోల్చి చూడగా, సీసము ఒక్కొక్క మెట్టు పెరిగినకొలది, 'మనస్సు నిలుపలేడు, చెప్పినది చేయలేడు' అని ఉపాధ్యాయులు వ్రాసిన పిల్లల సంఖ్యయు మెట్టుమెట్టుగా పెరిగినది.

ఆ పిల్లలలో సీసము ఎక్కువగానున్నవారిని 58 మందిని, తక్కువగానున్నవారిని 100 మందిని ఎన్నుకొని బుద్ధిపరీక్షలు చేసిరి. తల్లి తెలివి, కుటుంబపు స్థితిగతులు మొదలగు భేదములను లెక్కలోనికి తీసుకొన్నను మొదటి వర్గము సుమారు నాలుగు మార్కులు వెనుకబడియున్నది. వీరిలో ఒక్కరును రోగులని ఎవరును అనుకొనలేదు. 1979లో ఈ ఫలితములు వెలువడినవి. పదకొండేండ్ల తరువాత వారిలో 132 మందిని వెదకి మరల పరీక్షించిరి. పాలపండ్లలో సీసము ఎక్కువగానున్నవారు ఉన్నత పాఠశాల చదువు ముగింపక మానివేయు అవకాశము తక్కినవారికంటె ఏడురెట్లు ఉండెను. చదివి అర్థము చేసికొనుటలోను వారు వెనుకబడిరి.

నాలుగు మార్కులు గొప్ప నష్టమా యని ఎవరైన అడుగవచ్చును. ఒక్క పిల్లవానిలో అది తెలియనే తెలియదు. కాని దేశములోని పిల్లలందరి మార్కులు నాలుగేసి తగ్గినచో, అంచున నిలిచియున్న వేలకొలది పిల్లలు ఆవల పడిపోదురు. రెండవ అంచున వెలుగవలసినవారు వెలుగరు. ఈ లెక్క కొందరికి రుచింపలేదు. నీడిల్‌మన్ తన లెక్కలను వక్రీకరించెనని 1991లో ఆరోపణ వచ్చినది. మరుసటి యేడు ఆయన పనిచేయు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయము బహిరంగ విచారణ జరిపి, ఆయన ఎట్టి దుర్నీతికిని పాల్పడలేదని తేల్చెను.

ఆ తరువాత వచ్చిన పరిశోధనలు ఆయన భయమును పెంచినవే గాని తగ్గింపలేదు. రక్తములో సీసమును డెసిలీటరునకు ఇన్ని మైక్రోగ్రాములని కొలుతురు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. పెక్కు దేశముల లెక్కలను కలిపి 2005లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము, రక్తములో సీసము 2.4 నుండి 10కి పెరిగినచో బుద్ధిసూచి 3.9 తగ్గును, 10 నుండి 20కి పెరిగినచో మరి 1.9 మాత్రమే తగ్గును. అనగా మొదటి మైక్రోగ్రాముల దెబ్బయే పెద్దది. 'కొంచెమైనచో ఫరవాలేదు' అనుమాటకు ఇచ్చట చోటులేదు. అమెరికా ఆరోగ్యశాఖ ఆందోళన చెందవలసిన హద్దుగా 1960 దశాబ్దిలో 60 మైక్రోగ్రాములను ఉంచినది. అది క్రమముగా 40, 30, 25 అయి, 1991లో 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి దిగినది. ఆనాడు ఆరోగ్యవంతుడని ఇంటికి పంపిన బిడ్డను ఈనాడు తక్షణము పరీక్షింపవలసినవానిగా ఎంచుదురు.

ఇక మన దేశము. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరములలో కొత్త కార్లకు సీసము లేని పెట్రోలు ఇచ్చుటతో మార్పు మొదలై, అయిదేండ్లకు దేశమంతటను పూర్తియైనది. పెట్రోలునుండి పోయిన పిమ్మట గాలిలో సీసము తగ్గినమాట నిజము. అయినను 2020లో యునిసెఫ్ సంస్థ ప్రకటించిన నివేదిక, ప్రపంచమున 80 కోట్ల పిల్లల రక్తములో సీసము 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని యున్నదనియు, అందులో 27 కోట్లకు పైగా భారతదేశపు పిల్లలేననియు అంచనా వేసినది. ఇది రక్తము తీసి ఒక్కొక్కరిని లెక్కించిన సంఖ్య కాదు, చిన్న చిన్న పరిశోధనలనుండి కట్టిన అంచనా యని గుర్తుంచుకొనవలెను. సంఖ్య కొంత తగ్గినను భారము తగ్గదు.

పెట్రోలు పోయిన తరువాతను ఇంత సీసము ఎక్కడిది? ముఖ్యమైన సమాధానము బ్యాటరీ. నేడు ప్రపంచమున వాడు సీసములో 85 శాతము బ్యాటరీలలోనికే పోవుచున్నది. కారులో, ఆటోలో, ట్రాక్టరులో, కరెంటు పోయినపుడు ఇంటికి వెలుగునిచ్చు ఇన్వర్టరులో ఉన్నది అదియే. బ్యాటరీ బ్రతికియున్నంతకాలము నిరపాయమైనది. దాని మరణము తరువాతనే చిక్కు. పాత బ్యాటరీని చట్టప్రకారము శుద్ధికర్మాగారమునకు పంపినచో సీసము మరల సీసముగా ఉపయోగపడును. ఊరిచివర రేకుల పాకలో గొడ్డలితో పగులగొట్టి, ఆమ్లమును నేలపై పారబోసి, పలకలను బొగ్గుల కుంపటిపై కరగించువానికి పోయినచో, పొగయు, బూడిదయు చుట్టుపట్ల మన్నుపై దిగును. పనివాడు ఆ ధూళిని బట్టలపై మోసికొని ఇంటికి పోవును. బిడ్డ ఎదురువచ్చి కాళ్ళను కౌగిలించుకొనును. 2022 బ్యాటరీ వ్యర్థముల నియమములు పాత బ్యాటరీలను తిరిగి తీసుకొను బాధ్యతను తయారీదారులపై పెట్టినవి. రేకుల పాక ఎక్కువ ధర ఇచ్చినంతకాలము అమ్మువాడు ఆ నియమమును జ్ఞాపకము పెట్టుకొనుట కష్టము.

రెండవది రంగు. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్ష వంతులలో 90 వంతులను మించరాదని భారత ప్రభుత్వము 2016లో నియమము చేయగా, అది 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. కొత్త డబ్బాకు ఆ నియమము వర్తించును. పాత తలుపునకు వర్తింపదు. ముప్పది నలువది యేండ్లనాడు పసుపుపచ్చ, ఎరుపు రంగులు వేసిన కిటికీ రెక్కలు, బడి బల్లలు, ఇనుప ఊచలు ఇంకను ఉన్నవి. వాటిని గరుకు కాగితముతో పొడిగా రుద్దినచో లేచు పొడి బ్రిస్బేన్ వరండాలోని పొడివంటిదే. భోగినాడు పాత తలుపులు, విరిగిన కుర్చీలు మంటలో వేయుట మన ఆచారము. రంగు లేని కట్టెకు ఆక్షేపణ లేదు. పాత రంగు పూసిన కట్టె కాలినపుడు రంగు నూనె కాలిపోవును. సీసము బూడిదలోను, పొగలోను నిలుచును. ఆ మంట చుట్టును చేరువారు పిల్లలే. బాణసంచాలో సీసము, ఆర్సెనిక్కు, పాదరసము మొదలగువాటిని వాడరాదని సుప్రీంకోర్టు 2017 జూలై 31వ తేదీన ఆదేశించినది కూడ ఇట్టి భయముతోనే.

ధూళి భయము పేదవారలకే యని తలంపరాదు. 2019 ఏప్రిల్ 15వ తేదీన పారిస్ నగరపు నోట్ర్‌డామ్ చర్చి కప్పు తగులబడినది. ఆ కప్పునకును శిఖరమునకును పరచిన సీసపు రేకులు నాలుగువందల టన్నులకు పైబడినవి. పసుపుపచ్చని పొగ ఊరిపై కమ్మినది. మూడు నెలలకు సమీపమునందలి కొన్ని బడుల ఆటస్థలములలో సీసపు ధూళి హద్దు మీరియున్నదని తేలగా, వాటిని మూసి కడిగించిరి. పారిస్‌లో ధూళిని తుడిచి ప్రయోగశాలకు పంపువారున్నారు, తేడా అంతమాత్రమే. అమెరికాలో ఇంటి గచ్చుపై చదరపు అడుగునకు 2001లో 40 మైక్రోగ్రాముల వరకు ఓర్చుకొనిరి. 2019లో దానిని 10కి, 2024 అక్టోబరులో 5కి దించిరి. ఒక్క గ్రాము సీసము రెండు లక్షల చదరపు అడుగుల గచ్చును ఆ హద్దు వరకు మలినపరచగలదు. ఒక కారు బ్యాటరీలో ఉండునది ఎనిమిది పది కిలోలు.

బడిలో చేయదగిన పని కొంత కలదు. మధ్యాహ్న భోజనమునకు ముందు పిల్లలచేత చేతులు సబ్బుతో కడిగించుట ఒకటి. పొడి చీపురుతో ఊడ్చినచో బరువైన రేణువులు లేచి మరల బల్లలపైననే దిగును. నీరు చల్లి ఊడ్చుట, తడిగుడ్డతో తుడుచుట మేలు. వాకిట నీరు చల్లి ఊడ్చుట, చెప్పులు బయట విడిచి కాళ్ళు కడిగికొని లోనికి వచ్చుట మన ముసలమ్మలకు తెలిసిన పద్ధతులే. సీసము పేరు వారెరుగకపోయినను ధూళి మర్యాద ఎరుగుదురు. పాత బల్లలకు కొత్తరంగు వేయించునపుడు పాత రంగును తడిపి గీకించుట, ఆ పని సెలవులలో పెట్టుకొనుట ప్రధానోపాధ్యాయుని చేతిలోని సంగతి. గ్రుడ్డు, పాలు, ఆకుకూరలు పిల్లవానికి అందుట సైతము ఇందులో చేరును. అయితే వెనుకబడిన ప్రతి పిల్లవానిని చూచి సీసమని ముద్రవేయుట తప్పు. ఆకలి, చూపు లోపము, వినికిడి లోపము, ఇంటి కలతలు సైతము అట్లే చేయును. ముఖము చూచి చెప్పుటకు వీలులేదు. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు. బ్యాటరీలు కరగించు వాడలలోని బడి పిల్లలకు ఆ పరీక్ష చేయింపుమని ఆరోగ్యశాఖను అడుగు అధికారము ఉపాధ్యాయునకు కలదు. అడుగుటకు గల కారణము ఆయన హాజరుపట్టీలోనే యున్నది.

పరీక్షలో సీసము ఎక్కువని తేలినచో మందు లేదా యని ప్రశ్న. ఉన్నది. సీసమును పట్టి మూత్రమున వెలువరించు మందులు ప్రాణాపాయమున ఉన్న బిడ్డను రక్షింపగలవు. పోయిన బుద్ధిని మాత్రము తిరిగి తేలేవు. అమెరికాలో 780 మంది పిల్లలపై జరిపి 2001లో ప్రకటించిన ప్రయోగమున, మందు వాడిన పిల్లల రక్తములో సీసము తగ్గినది. పరీక్షలలో వారి మార్కులు పెరుగలేదు. పైగా, కోలుకొన్న బిడ్డను మరల ఆ ధూళిలోనికే పంపినచో వైద్యమంతయు వ్యర్థము. ఆఫ్రికాలోని సెనెగల్ దేశమున థియారోయ్ అను సముద్రతీరపు పేటలో బ్యాటరీల మన్నును జల్లించి సీసము ఏరుకొని అమ్ముచుండగా, 2007 నవంబరు మొదలు 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు మరణించిరి. అచ్చటి వైద్యులకు ఈ సంగతి అప్పుడే తెలిసినది.

నైజీరియాలోని జంఫారా రాష్ట్రమున అది మరింత దారుణముగా జరిగినది. పల్లెవాసులు బంగారము కలిసిన రాళ్ళను ఇండ్లకు తెచ్చి, పిండి విసరు యంత్రములతో పొడిచేసి, కడిగి, బంగారము తీయుచుండిరి. ఆ రాళ్ళలో బంగారము కొంచెము, సీసము అపారము. 2010లో పిల్లలు వరుసగా మరణించుచుండుట చూచి 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థవారు రక్తము పరీక్షింపగా గాని కారణము తెలియలేదు. ఆనాటికి నాలుగువందలమంది వరకు పసిబిడ్డలు మరణించిరని అంచనా. అచ్చట వైద్యులు ఒక నియమము పెట్టుకొనిరి: ఏ ఊరి ఇండ్ల ముంగిళ్ళలో పై మన్నును చెక్కి తీసి మంచి మన్ను పోయుదురో, ఆ ఊరి పిల్లలకే మందు. దారేటా, యార్గల్మా గ్రామముల వంతు 2010లోనే వచ్చినది. మరి కొన్ని గ్రామములు ఆ వెనుక వచ్చినవి. వాటన్నిటిలో పెద్దదగు బాగెగా గ్రామమునకు మాత్రము ప్రభుత్వపు సొమ్ము విడుదల యగుటకు మూడేండ్లు పట్టినది. 2013లో అచ్చటి మన్ను మార్చుట మొదలైన తరువాతనే ఆ ఊరి పిల్లలకు వైద్యము మొదలైనది.